పాత టొయోటా పికప్‌కు పికప్ రావాలంటే: వెబర్ కార్బురేటర్ ఎక్కించే పద్ధతి

ట్రక్కు పేరు పికప్. దానికి లేనిదీ పికప్పే. ఫ్రీవే ఎక్కే ర్యాంపు మీద పెడల్ నేలకు తొక్కినా, బండి ఒక క్షణం ఆలోచించుకుని అప్పుడు కదిలేది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ గొంతు చించుకునేది. వేడెక్కాక సిగ్నల్ దగ్గర చడీచప్పుడు లేకుండా ఆగిపోయేది. టెక్సస్‌లో నా దగ్గరున్న 1986 టొయోటా పికప్ సంగతి ఇది. అమెరికాలో 22ఆర్ ఇంజన్ ఉన్న పాత ట్రక్కు కొన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ దశకు వస్తాడు.

22ఆర్ అంటే 2366 సీసీ, నాలుగు సిలిండర్లు, పైన ఒకే క్యామ్‌షాఫ్ట్. ఇంజన్ మొండిఘటం, ఎంత బాదినా తిరుగుతూనే ఉంటుంది. దాని నెత్తిన కూర్చుని, పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఆ మిశ్రమాన్ని లోపలికి పంపే ఐసాన్ కంపెనీ కార్బురేటర్ మాత్రం సుకుమారం. అమెరికా కాలుష్య నియమాల కోసం దానికి డయాఫ్రమ్‌లు (రబ్బరు పొరలు), సోలెనాయిడ్లు (కరెంటుతో కదిలే వాల్వులు), చిన్న చిన్న వాక్యూమ్ గొట్టాలు తగిలించారు. బానెట్ ఎత్తితే పాముల పుట్టలా కనిపించేది అదే. దాన్ని దింపేసి వెబర్ కంపెనీ 32/36 కార్బురేటర్ ఎక్కించడం అక్కడ దశాబ్దాలుగా నడుస్తున్న పని. ఆ పని మొదలుపెట్టగానే ఇంకో సలహా కూడా ఉచితంగా వస్తుంది: పనిలో పనిగా ఆ పొగ సామానంతా, అంటే కాలుష్యాన్ని తగ్గించే పరికరాలన్నీ, పీకి పారేయమని. కార్బురేటర్ మార్చండి. పొగ సామాను మాత్రం విప్పి, కడిగి, పరీక్షించి, తిరిగి పెట్టండి. నేను చేసింది అదే, కింద చెప్పేదీ అదే.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

కొత్త కార్బురేటర్‌కు డబ్బులు పెట్టే ముందు పాతదే తప్పు చేస్తోందని రుజువు కావాలి. ఐసాన్ కార్బురేటర్ ముందు భాగంలో చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా టార్చి వేసి చూడండి. పెట్రోల్ మట్టం ఆ అద్దం మధ్యలో ఉంటే ఫ్లోట్ (పెట్రోల్ మట్టాన్ని బట్టి తేలే బుడ్డి) బాగానే ఉంది. అద్దం నిండిపోయి కనిపిస్తే పెట్రోల్‌ను ఆపాల్సిన నీడిల్ వాల్వు మూసుకోవడం లేదు. ఖాళీగా ఉంటే ఫిల్టర్, పంపు చూడాలి తప్ప కార్బురేటర్‌ని తిట్టి లాభం లేదు.

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) ఎప్పుడు సరిచేశారో గుర్తులేకపోతే అది ముందు చేయండి. 22ఆర్‌కు ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. తర్వాత ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, టైమింగ్ (స్పార్క్ పడే సమయం). టైమింగ్ అంకె బండి సంవత్సరాన్ని బట్టి మారుతుంది, బానెట్ కింద అతికించిన స్టిక్కర్ మీద ఉన్నదే మీ బండికి లెక్క. ఆఖరున గొట్టాలు. ఒక్కొక్కదాన్ని వేళ్లతో వంచి చూడండి. పాత రబ్బరు వంచగానే పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. గాలి లాగేస్తున్న గొట్టం ఒక్కటున్నా చాలు, కార్బురేటర్ చెడిపోయినప్పుడు కనిపించే లక్షణాలన్నీ కనిపిస్తాయి. రెండు మీటర్ల కొత్త గొట్టంతో బాగుపడిన బండిని నేను కళ్లారా చూశాను. ఆ ఓనర్ అప్పటికే వెబర్ కొని ఇంట్లో పెట్టుకున్నాడు పాపం.

ఇవన్నీ సరిగ్గా ఉండి, థ్రాటిల్ షాఫ్ట్‌ని (పెడల్ తొక్కితే తెరుచుకునే రేకుల ఇరుసును) పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగుతోందంటే ఇక ఆ కార్బురేటర్ అరిగిపోయిందని అర్థం. దాన్ని మార్చండి.

చట్టం సంగతి

ఇక్కడ చాలామంది రెండు వేరువేరు విషయాలను కలిపేస్తారు. పొగ పరీక్ష రాష్ట్రానిది. పొగ సామాను తీయకూడదన్నది దేశం మొత్తానికీ వర్తించే క్లీన్ ఎయిర్ యాక్ట్‌ది. టెక్సస్‌లో పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 25 ఏళ్లు దాటిన పెట్రోల్ బండికి పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు మినహాయింపు ఉంది, 1976 నుంచి మొదలుకుని పాత బండ్లన్నీ పరీక్షకు వెళ్లాల్సిందే. అక్కడ పరీక్ష చేసేవాడు పొగను కొలవడంతో సరిపెట్టడు, బానెట్ ఎత్తి ఏ సామాను ఉందో ఏది లేదో చూస్తాడు కూడా. పరీక్ష లేని చోట ఉన్నవాళ్లు అందుకే సామాను తీసినా ఫర్వాలేదనుకుంటారు. కానీ కంపెనీ పెట్టిన కాలుష్య నియంత్రణ పరికరాన్ని తీసేయడం, పనిచేయకుండా చేయడం నిషేధమన్న నియమానికి బండి వయసుతో సంబంధం లేదు. 1990కి ముందు అది కంపెనీలకూ డీలర్లకూ మెకానిక్కులకూ వర్తించేది. 1990 సవరణల తర్వాత సొంత గ్యారేజీలో పానా పట్టుకున్న మామూలు మనిషికి కూడా వర్తిస్తుంది.

మరి వెబర్ పెట్టవచ్చా? కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు కొన్ని కొత్త విడిభాగాలను పరీక్షించి, వాడవచ్చని ఆమోదిస్తూ ఈవో నంబరు ఇస్తుంది. ఆ నంబరు ఏ ఇంజన్‌కు, ఏ సంవత్సరాలకు వర్తిస్తుందో పత్రంలో రాసి ఉంటుంది. మీ బండి సంవత్సరానికి అలాంటి నంబరు ఉన్న కిట్టే కొనండి. ఈజీఆర్ గొట్టం, చార్‌కోల్ డబ్బా గొట్టం (ఇవేం చేస్తాయో కింద చెబుతాను) తగిలించే చోటు ఉన్న కిట్టే మనకు కావాలి. చౌకగా దొరికే నకలు వెబర్లలో అవి ఉండకపోవచ్చు, పైగా బాడీ కింది అంచు చదునుగా లేక గాలి లాగే బాధ వేరే.

సామాను

వెబర్ 32/36లో రెండు గొంతులుంటాయి. చిన్నది 32 మి.మీ., పెద్దది 36. సగం పెడల్ దాకా చిన్నదే పనిచేస్తుంది, ఇంకా తొక్కితే పెద్దది తెరుచుకుంటుంది. పేరులో చివర వచ్చే అక్షరాలు చోక్ (చల్లటి ఇంజన్‌కు గాలి తగ్గించే రేకు) రకాన్ని చెబుతాయి. డీజీఈవీ అంటే కరెంటు చోక్, డీజీఏవీ అంటే ఇంజన్ నీళ్లతో వేడెక్కే చోక్, డీజీవీ అంటే చేత్తో లాగే చోక్. 22ఆర్‌కు ఎక్కువమంది పెట్టేది డీజీఈవీ.

కిట్‌లో కార్బురేటర్, రెండు అడాప్టర్ పలకలు, ప్యాకింగులు, ఎయిర్ ఫిల్టర్, లింకేజీ ముక్కలు వస్తాయి. విడిగా కొనాల్సినవి: పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటరు, చిన్న గేజి, పెట్రోల్‌కు పనికొచ్చే 8 మి.మీ. గొట్టం, వాక్యూమ్ గొట్టం ఐదారు మీటర్లు, క్లాంపులు, మరలు వదులు కాకుండా పూసే నీలం రంగు జిగురు, కూలెంట్. చేతి వాక్యూమ్ పంపు ఒకటి అరువైనా తెచ్చుకోండి, పొగ సామాను పరీక్షించడానికి అది లేకపోతే పని జరగదు. బీ క్లాసు (పెట్రోల్ లాంటి ద్రవాల) మంటలను ఆర్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. అమెరికా ఇళ్లలో ఒక ప్రమాదం ఉంది: చాలా గ్యారేజీల్లో గ్యాస్ వాటర్ హీటర్ ఓ మూలన ఉంటుంది, దాని అడుగున పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పెట్రోల్ ఆవిరి నేల పట్టుకుని పాకుతుంది. కాబట్టి బండిని బయట డ్రైవ్‌వేలో పెట్టి పనిచేయండి.

దింపడం

ముందు ఫొటోలు. నాలుగు వైపుల నుంచీ, దగ్గరగా, దూరంగా. తర్వాత ప్రతి గొట్టానికీ రెండు చివరలా ఒకే నంబరు రాసిన టేపు అంటించండి. గొట్టానికి ఒక చివరే నంబరు వేస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది గానీ ఎక్కడికి పోవాలో తెలియదు. మొదటిసారి నేను చేసిన తప్పు అదే, ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీయండి. పెట్రోల్ ట్యాంకు మూత ఒకసారి తెరిచి ఒత్తిడి వదిలించి మళ్లీ పెట్టండి. పైనున్న గుండ్రటి ఎయిర్ క్లీనర్ డబ్బాను తీసి పక్కన పెట్టండి, పారేయవద్దు. పెట్రోల్ గొట్టం లాగేటప్పుడు కింద గుడ్డ పట్టండి. యాక్సిలరేటర్ కేబుల్, కరెంటు కనెక్టర్లు, నంబర్లు వేసిన గొట్టాలు ఒక్కొక్కటిగా విప్పండి. మీ చోక్‌కు ఇంజన్ నీళ్లు వస్తుంటే రేడియేటర్ నుంచి కొంచెం కూలెంట్ దించి, ఆ రెండు గొట్టాలను ఒకదానికొకటి కలిపేయండి.

కింద నాలుగు నట్లు. వెనకవైపున్న రెంటికి రింగు పానా తిప్పే జాగా కూడా సరిగా ఉండదు, ఎనిమిదో వంతు చుట్టు చొప్పున ఓపిగ్గా తిప్పాలి. నట్లు వచ్చేశాక కార్బురేటర్‌ని వంచకుండా నిటారుగా ఎత్తండి, దాని కడుపులో ఇంకా పెట్రోల్ ఉంటుంది. ఎత్తగానే దాని కిందున్న మానిఫోల్డ్ (మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే గొట్టాల దిమ్మ) నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఆ రంధ్రంలోకి జారిన వాషరు ఎక్కడికి వెళ్తుందో ఊహించుకుంటే చాలు, గుడ్డ పెట్టడం మరిచిపోరు.

పాత ప్యాకింగ్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. మానిఫోల్డ్ అల్యూమినియం, స్క్రూడ్రైవర్‌తో గీకితే గాట్లు పడతాయి. ఆ గాట్లలోంచే రేపు గాలి లాగుతుంది.

అడాప్టర్ దగ్గర తొందరపడకండి

వెబర్ పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. వెబర్ బోల్టుల దూరం, ఐసాన్ బోల్టుల దూరం ఒకటి కావు కాబట్టి మధ్యలో రెండు పలకలు వస్తాయి. కిందిది మానిఫోల్డ్‌కు బిగుస్తుంది, పైది కింది పలకకు. ఒకసారి పై పలక పెట్టాక కింది పలక బోల్టులు కనపడవు, పానా అందదు. అవి వదులైతే అంతా మళ్లీ విప్పాల్సిందే.

నాకదే జరిగింది. మూడు వారాలు బాగా నడిచి, ఒకరోజు సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే 2000 ఆర్‌పీఎం దాకా లేచింది. ఐడిల్ స్క్రూ (పెడల్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సరిచేసేది) ఎంత విప్పినా దిగలేదు. విప్పి చూస్తే కింది పలక బోల్టుల్లో రెండు చేత్తో తిరుగుతున్నాయి.

కాబట్టి రెండు పలకలనూ ముందు గాజు పలక మీద పెట్టి, ఊగుతున్నాయేమో చూడండి. ఊగితే ఆ గాజు మీదే ఇసుక కాగితం పరిచి, పలకను గుండ్రంగా రుద్ది చదును చేయండి. బోల్టుల మరలను బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరాక నీలం జిగురు పూసి బిగించండి. ఒక్కో బోల్టునూ ఒకేసారి పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రండి. ప్రతి అతుకులోనూ ప్యాకింగ్ ఉండాలి. ప్యాకింగ్‌కు సిలికాన్ పూయాలన్న బుద్ధి పుడుతుంది, పూయకండి. పెట్రోల్ తగిలితే అది ఉబ్బి, ముక్కలై, లోపలికి పోతుంది.

పై పలకకు కార్బురేటర్ తగిలించే ముందు ఇంకో చిన్న పరీక్ష. పలకను, ప్యాకింగ్‌ను కార్బురేటర్ అడుగున చేత్తో పట్టుకుని, తలకిందులుగా తిప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరవండి. రెండు ఇత్తడి రేకులూ పలక అంచుకు గానీ ప్యాకింగ్ అంచుకు గానీ రాసుకోకుండా నిలువుగా నిలబడాలి. ప్యాకింగ్ అర మిల్లీమీటరు లోపలికి వచ్చినా సరే, తెరిచిన థ్రాటిల్ అక్కడే పట్టుకుపోతుంది. రోడ్డు మీద పెడల్ వదిలినా బండి వేగం తగ్గని పరిస్థితి మీకు రాకూడదు.

కేబుల్ తగిలించాక లోపల ఒకరిని కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమనండి. మీరు పైనుంచి కార్బురేటర్ గొంతులోకి చూడండి. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి, వదలగానే టక్కున మూసుకోవాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టండి, ఒకటి తెగినా రెండోది లాగుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంటే కార్బురేటర్ నుంచి గేరుబాక్సుకు వెళ్లే కేబుల్‌ను సరైన పొడవుకు సెట్ చేయకుండా బండి కదపవద్దు. అది వదులుగా ఉంటే గేర్లు జారి లోపలి క్లచ్ పలకలు మాడిపోతాయి.

పెట్రోల్, కరెంటు

22ఆర్ పెట్రోల్ పంపు సిలిండర్ హెడ్‌కు ముందువైపు ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్ తోస్తే పనిచేస్తుంది. వెబర్ నీడిల్ వాల్వు 3 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఒత్తిడినే తట్టుకుంటుంది. మూడున్నర దాటితే పెట్రోల్ పొంగి గొంతులోకి కారుతుంది. పంపుకూ కార్బురేటర్‌కూ మధ్య రెగ్యులేటర్ పెట్టి, గేజి చూస్తూ 2.5 నుంచి 3 మధ్య ఉంచండి. ట్యాంకుకు తిరిగివెళ్లే రిటర్న్ గొట్టాన్ని మూయకండి. పెట్రోల్ అలా తిరుగుతూ ఉంటేనే చల్లగా ఉంటుంది, లేదంటే టెక్సస్ ఆగస్టు ఎండలో గొట్టంలోనే ఆవిరై బండి మొరాయిస్తుంది. పెట్రోల్ కనెక్షన్లకు నల్లాలకు చుట్టే తెల్ల టేపు వాడవద్దు, దాని పోగులు జెట్లలో (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కల్లో) ఇరుక్కుంటాయి.

కరెంటు చోక్‌కు తాళం తిప్పినప్పుడే 12 వోల్టులు వచ్చే తీగ కావాలి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి లాగకండి, స్పార్క్ బలహీనపడుతుంది. ఎప్పుడూ కరెంటుండే తీగకు కలిపితే రాత్రంతా చోక్ వేడెక్కి పొద్దున బ్యాటరీ ఖాళీ. టెస్ట్ ల్యాంపుతో తాళం వేసి ఒకసారి, తీసి ఒకసారి చూసి కలపండి.

పొగ సామాను విప్పడం, కడగడం, తిరిగి పెట్టడం

ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే దాన్ని పీకాలన్న కోపం సగం తగ్గుతుంది.

పీసీవీ వాల్వు: పిస్టన్ల పక్క నుంచి కిందికి జారే ఆవిర్లను మళ్లీ ఇంజన్‌లోకి పంపుతుంది. కాలిఫోర్నియాలో 1961లోనే కొత్త కార్లకు వచ్చింది, పొగ సామానులో పెద్దన్న ఇదే. ఇది లేకపోతే ఆయిల్ బురదవుతుంది, సీళ్లు కారుతాయి. తీసి చెవి దగ్గర ఊపండి, గలగలమంటే బాగుంది. శబ్దం లేకపోతే కొత్తది కొనండి, ఖరీదు తక్కువే. వాల్వ్ కవర్ నుంచి పాత ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే రెండో గొట్టాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు. దాన్ని కొత్త ఫిల్టర్ అడుగు పలకకు కలపాలి, లేదంటే దుమ్ము నేరుగా ఆయిల్‌లోకి పోతుంది.

చార్‌కోల్ డబ్బా: ట్యాంకులో పుట్టే పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచి, బండి నడుస్తున్నప్పుడు ఇంజన్‌కు వదులుతుంది. ఎవరో ఒకరు దీన్ని తీసేసి గొట్టాన్ని బోల్టు పెట్టి మూసేస్తారు. ఆ తర్వాత ట్యాంకు మూత తెరిస్తే బుస్సుమంటుంది, గ్యారేజీ మొత్తం పెట్రోల్ వాసన. దీనివల్ల ఇంజన్‌కు ఒక్క గుర్రం శక్తి కూడా తగ్గదు. గొట్టాలు మార్చి, కిట్ పత్రంలో చూపిన చోటికే కలపండి.

ఈజీఆర్: అందరూ ముందు తిట్టేది దీన్నే. ఇది కాలిపోయిన పొగలో కొంత తిరిగి సిలిండర్‌లోకి పంపి, మంట వేడి తగ్గిస్తుంది. వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఐడిల్‌లో ఇది మూసుకునే ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు దాన్ని తెరిచే వాక్యూమ్ ఉండదు కాబట్టి అప్పుడూ మూతే. అంటే మీకు శక్తి కావాల్సిన సమయంలో ఇది అసలు అడ్డే రాదు. తీసేస్తే మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడు సగం పెడల్ మీద ఇంజన్ టకటకమని కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ శబ్దాన్ని ఆపడానికి టైమింగ్ వెనక్కి జరుపుతారు, దాంతో అసలున్న పికప్ కూడా పోతుంది.

ఈజీఆర్ నిజంగా చెడిపోయేది మసితో. రెండు నట్లు విప్పి వాల్వును బయటికి తీస్తే లోపల పెనం అడుగులా గట్టి నల్లటి పెచ్చు కనిపిస్తుంది. డయాఫ్రమ్ మీద ద్రావకం పడకుండా పట్టుకుని, పాత స్క్రూడ్రైవర్‌తో, ఇత్తడి బ్రష్‌తో గీకండి. మానిఫోల్డ్‌లో దాని దారి కూడా పూడిపోయి ఉంటుంది, వాక్యూమ్ క్లీనర్ గొట్టం పక్కనే పెట్టి పొడి లాగేస్తూ తీయండి. తిరిగి బిగించాక ఇంజన్ ఐడిల్‌లో ఉండగా చేతి పంపుతో వాల్వుకు వాక్యూమ్ ఇవ్వండి. ఇంజన్ తడబడాలి, దాదాపు ఆగిపోవాలి. పంపు ముల్లు కిందికి జారకూడదు. ఈ రెండూ జరిగితే వాల్వు బంగారంలా ఉన్నట్టు.

సైలెన్సర్ వైపు గాలి పంపే రీడ్ వాల్వు ఉన్న బండ్లలో దానికి గాలి పాత ఎయిర్ క్లీనర్ డబ్బా నుంచే వచ్చేది. ఆ డబ్బా పోయింది కాబట్టి గొట్టాన్ని కొత్త ఫిల్టర్ లోపలి వైపుకు కలపాలి. వాల్వును నోటితో ఊదితే ఒకవైపే గాలి పోవాలి. రెండువైపులా పోతుంటే వేడి పొగ వెనక్కి తన్ని రబ్బరును కాల్చేస్తుంది, మార్చండి. చిన్నప్పుడు మా నాన్న బజాజ్ చేతక్ కార్బురేటర్ జెట్ తీసి నోటితో ఊది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సన్నటి రంధ్రంలోంచి చూసేవాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత మెకానిక్కులదీ అదే పద్ధతి. పెట్రోల్ తగిలిన భాగాలకు మాత్రం ఇప్పుడు గాలి పంపు వాడండి, ఊపిరితిత్తులు మనవే.

కూలెంట్ వేడిని బట్టి తెరుచుకునే ప్లాస్టిక్ వాక్యూమ్ స్విచ్‌ల ముక్కులు వయసుకు పెళుసై ఉంటాయి. గొట్టాన్ని పట్టి లాగితే ముక్కు విరిగి గొట్టంతోపాటు వస్తుంది. గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి ఒలవండి, ఎలాగూ కొత్తది వేస్తున్నారు కదా. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి వెళ్లనవసరం లేదు. కాకపోతే పాత కార్బురేటర్ చాలాకాలం పెట్రోల్ పారబోసి ఉంటే అది లోపల కరిగి పూడిపోయి ఉండవచ్చు. వేగం పెరిగేకొద్దీ బండి గొంతు నొక్కినట్టు అయితే అనుమానం దాని మీదే. అప్పుడు మీ బండికి సరిపోయే కొత్తది వేయించండి, ఖాళీ గొట్టం కాదు.

మొదటి స్టార్ట్

తాళం తిప్పే ముందు సిరంజితో ఫ్లోట్ గదిలోకి వెంట్ గొట్టం గుండా కొంచెం పెట్రోల్ పోయండి, స్టార్టర్ మీద భారం తగ్గుతుంది. ఐడిల్ స్క్రూను థ్రాటిల్‌కు తగలనంత విప్పి, మళ్లీ తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒక చుట్టు లోపలికి. మిశ్రమం స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, అక్కడి నుంచి రెండు చుట్లు వెనక్కి. మెల్లగా అన్న మాట ఊరికే అనలేదు, గట్టిగా బిగిస్తే దాని సూది మొనకు గీత పడుతుంది, ఇక ఎప్పటికీ సరిగా కుదరదు.

పెడల్ ఒకసారి తొక్కి వదిలి స్టార్ట్ చేయండి. ముందు చూడాల్సింది శబ్దం కాదు, పెట్రోల్ అతుకులు. ఒక్క చుక్క కనిపించినా ఆపేయండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, చోక్ రేకు నిలువుగా తెరుచుకున్నాకే ట్యూనింగ్. టైమింగ్ లైటుతో స్టిక్కర్ మీది అంకె చూసుకోండి. ఇప్పుడు మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ పోండి, ఒక చోట ఇంజన్ వణుకుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిప్పుతుంటే శబ్దం నున్నబడి వేగం పెరుగుతుంది. పెరగడం ఆగిన చోటే ఆపాలి, ఇంకా విప్పితే పెట్రోల్ దండగ. తర్వాత ఐడిల్ స్క్రూతో స్టిక్కర్ మీదున్న ఆర్‌పీఎంకు దించండి. కాలిఫోర్నియా వాళ్లు ఆ తర్వాత పొగ కొలిచే చోట చూపించుకుంటే మంచిది.

ఈ స్క్రూలు ఎక్కడ ఆగాయో చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. మిశ్రమం స్క్రూ రెండున్నర చుట్లు దాటాక గానీ ఇంజన్ కుదురుకోకపోతే ఐడిల్ జెట్ చిన్నది, ఒక సైజు పెద్దది వేయండి. ఒకటిన్నర చుట్టు లోపే కుదిరితే జెట్ పెద్దది. ఐడిల్ స్క్రూ ఒకటిన్నర చుట్టుకు మించి లోపలికి పోవాల్సి వస్తే, జెట్ మార్చే ముందు గాలి ఎక్కడైనా లాగుతోందేమో వెతకండి. అడాప్టర్ అతుకుల చుట్టూ సబ్బు నీళ్లు చల్లండి. ఎక్కడ చల్లినప్పుడు ఇంజన్ శబ్దం మారిందో అక్కడే రంధ్రం. కార్బ్ క్లీనర్ స్ప్రే చల్లమని చాలామంది చెబుతారు. వేడి మానిఫోల్డ్ పక్కన నేను ఆ పని చేయను.

రోడ్డు మీద పెడల్ తొక్కగానే కార్బురేటర్ పైనుంచి తుమ్మినట్టు శబ్దం వస్తే మిశ్రమం పలచన, అంటే పెట్రోల్ తక్కువ. నల్ల పొగ, పెట్రోల్ వాసన వస్తే చిక్కన. ఓ వంద మైళ్లు తిప్పాక ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమరంగు ఉంటే సరిపోయినట్టు. పొడి మసి ఉంటే చిక్కన, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన. పలచన మిశ్రమంతో ఎక్కువ రోజులు నడిపితే వాల్వులు కాలిపోతాయి కాబట్టి దాన్ని ముందు సరిచేయండి. జెట్ మార్చినప్పుడల్లా ఒక్కటే మార్చి, ఏ అంకె నుంచి ఏ అంకెకు మార్చారో నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

ఇంజన్ మూడు నాలుగు సార్లు వేడెక్కి చల్లారాక కార్బురేటర్ నాలుగు నట్లనూ మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త ప్యాకింగులు కొంచెం అణుగుతాయి. పాత ఐసాన్‌లో పెట్రోల్ పూర్తిగా వంపేసి, నట్లు, ప్యాకింగు, నంబరు టేపులతో సహా డబ్బాలో పెట్టి, ఎయిర్ క్లీనర్ డబ్బాతోపాటు అటక మీద దాచండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు కాలిఫోర్నియా మనిషి అయితే ముందు దాని గురించే అడుగుతాడు.